నాలుగు గంటల స్లాట్, ఆరు గంటల చల్లార్పు

పాఠకురాలి ప్రశ్న: నేను సొంతంగా ఆర్డర్లు తీసుకుని వండి పంపే ఫ్రీలాన్స్ షెఫ్‌ను. పలువురు గంటల లెక్కన వాడుకునే ఒక కమర్షియల్ కిచెన్‌లో మూడు నెలలుగా వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల స్లాట్ తీసుకుంటున్నాను. వంట ముగిసేసరికి అరగంట మాత్రమే మిగులుతుంది కాబట్టి పెద్ద గిన్నెలకు మూతలు పెట్టి, కారులో ఇంటికి తెచ్చి, వేడి తగ్గాక ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు డెలివరీ చేస్తున్నాను. ఇది సరైన పద్ధతేనా? రెండోది, గత వారం అక్కడి ఉమ్మడి ఫ్రిజ్‌లో ఎవరిదో పచ్చి మాంసం పెట్టె నుంచి రసం కారి, కింది అరలో ఉన్న నా సలాడ్ ట్రే మీద, సాస్ డబ్బాల మూతల మీద పడింది. నేను అన్నీ పారేశాను. తుడిస్తే సరిపోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని మేనేజర్ అన్నారు. తప్పు చేశానా? మూడోది, కిచెన్‌కు లైసెన్స్ ఉంది కనుక నాకు విడిగా ఏదీ అక్కర్లేదని ఆయనే చెబుతున్నారు. నిజమేనా? చివరగా, వేరుశనగ అలర్జీ ఉన్న ఎనిమిదేళ్ల బాబుకు వారానికి మూడు పూటలు భోజనం పంపమని ఒక తల్లి అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?

సమాధానం: మీ నాలుగు ప్రశ్నలలో మొదటిదానికి జవాబు మీ తదుపరి స్లాట్ కంటే ముందే మీకు అందాలని కోరుకుంటున్నాను. వేడి వేడి గిన్నెలకు మూతలు పెట్టి ఇంటికి తీసుకువెళ్లే పద్ధతిని వెంటనే ఆపండి. మూడు నెలలుగా ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే, తిన్న మర్నాడు కడుపు పాడైన మనిషి దానికి కారణం మీ భోజనమేనని గుర్తించడం, గుర్తించి మీకు చెప్పడం చాలా అరుదు.

మరిగిన వంటలో సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయని మనం అనుకుంటాం, కానీ అది సగమే నిజం. క్లోస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్, బాసిల్లస్ సీరియస్ వంటి బాక్టీరియాలు గట్టి కవచం గల విత్తనాల వంటి రూపంలోకి మారి ఉడుకును తట్టుకుంటాయి. వంట చల్లారుతూ వాటికి అనువైన వేడికి దిగగానే మళ్లీ మొలకెత్తి పెరుగుతాయి. మాంసం, సూప్, చిక్కటి గ్రేవీ వంటి వాటిలో పెరిగే పెర్ఫ్రింజెన్స్‌కు 43 నుంచి 47 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి అత్యంత ఇష్టం. అక్కడ అది సుమారు పది నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. ఆ లెక్కన ఒక్క కణం రెండు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. మీ మూతపెట్టిన గిన్నె కారులోనూ, ఇంట్లో వంటగది బల్ల మీదా గంటల తరబడి గడిపేది సరిగ్గా ఈ వేడిలోనే. అన్నంలోనూ, ఇతర పిండి పదార్థాలలోనూ పెరిగే బాసిల్లస్ సీరియస్‌తో మరో చిక్కు ఉంది. దానిలో కొన్ని రకాలు వాంతులు కలిగించే విషాన్ని ఆహారంలోనే విడుస్తాయి. ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. కాబట్టి మర్నాడు బాగా వేడిచేసి పంపుతున్నాను కదా అన్న సమాధానం కూడా నిలవదు.

అందుకే చల్లార్చడానికి కొలతలు ఉన్నాయి. అమెరికా నియమావళి 57 డిగ్రీల దగ్గర, ఆస్ట్రేలియా నియమావళి 60 డిగ్రీల దగ్గర లెక్క మొదలుపెడతాయి. ఆ తరువాత రెండూ ఒకే మాట చెబుతాయి. వంట మొదటి రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆపైన మరో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దిగాలి. మొత్తం ఆరు గంటలు. మీరు అద్దెకు తీసుకున్నది నాలుగు గంటలు. అద్దె వంటశాలల్లో పనిచేసేవారికి ఎదురయ్యే అసలు సమస్య ఈ తేడాలోనే ఉందని, మురికి గిన్నెల కంటే, బొద్దింకల కంటే దీనివల్లనే ఎక్కువ ముప్పని నా అనుభవం చెబుతోంది. గిన్నె మురికిగా ఉంటే కంటికి కనిపిస్తుంది. చల్లారని గిన్నె ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది.

నేను ఇలాంటి వంటశాలలో పనిచేసిన తొలి ఏడాది, స్లాట్ ముగుస్తోందన్న తొందరలో ఇరవై లీటర్ల సూప్ గిన్నెను పొగలు కక్కుతుండగానే ఉమ్మడి ఫ్రిజ్‌లోకి నెట్టి వెళ్లిపోయాను. మర్నాడు ఉదయం వచ్చి థర్మామీటర్ గుచ్చితే గిన్నె మధ్యలో ఇంకా గోరువెచ్చగానే ఉంది. అంతకంటే బాధపెట్టిన విషయం ఏమిటంటే, ఆ గిన్నె వదిలిన వేడికి ఫ్రిజ్ లోపలి చలి తగ్గి, నా పక్క అరలో మరొకరు పెట్టుకున్న పాల పదార్థాలు కూడా పారబోయవలసి వచ్చింది. పంచుకునే ఫ్రిజ్‌లో ఒకరి తొందరకు మరొకరు మూల్యం చెల్లిస్తారని నాకు ఆ రోజు అర్థమైంది. మీ ఇంటి ఫ్రిజ్‌కైతే ఆ పాటి శక్తి కూడా ఉండదు. చల్లగా ఉన్నవాటిని చల్లగా ఉంచడానికి చేసిన యంత్రం అది, పెద్ద గిన్నెలోని వేడిని లాగడానికి చేసినది కాదు.

దీనికి పరిష్కారం మీ స్లాట్‌లోని పనుల వరుసను తిరగవేయడంలో ఉంది. ప్రస్తుతం మీరు తరగడం, నూరడం ముందు చేసి, పెద్ద వంటలను చివర దించుతున్నట్టున్నారు. చల్లార్చవలసిన వంట ఏదైతే ఉందో దాన్ని మొట్టమొదట పొయ్యి మీద పెట్టండి. గంటన్నరలో దించగలిగితే, మిగిలిన పనులు చేసుకుంటుండగానే దాని మొదటి రెండు గంటలు మీ కళ్ల ముందే గడుస్తాయి. దించిన వెంటనే లోతు తక్కువ ట్రేలలోకి, ఐదు సెంటీమీటర్ల మందం మించకుండా పోయండి. ముద్దగా, చిక్కగా ఉన్న వంట చల్లారే సమయం దాని మందంతో పాటు సమంగా కాక, మందం వర్గంతో పెరుగుతుంది. అంటే పది సెంటీమీటర్ల లోతును ఐదుకు తగ్గిస్తే పట్టే సమయం సగం కాదు, సుమారు నాలుగో వంతు అవుతుంది. సూప్, సాస్ వంటివైతే గిన్నెను మంచు నీళ్ల తొట్టిలో నిలిపి కలుపుతూ ఉండండి. వండేటప్పుడు నీళ్లు కొంత తగ్గించి, చివర్లో ఆ మేరకు తాగునీటితో చేసిన మంచుగడ్డలు కలపడం మరో మంచి ఉపాయం. రుచి పలచబడకుండా వేడి ఒక్కసారిగా దిగుతుంది. ఆవిరి పోతున్నంతసేపు మూత బిగించవద్దు.

21 డిగ్రీలకు దిగిన ట్రేలను కూడా కారులో పెట్టి బయలుదేరవద్దు. ఆ వంటశాలలోనే చల్లని గదిలో ఒక అరను స్లాట్‌తో పాటు అద్దెకు అడగండి; తక్కిన నాలుగు గంటలు అక్కడ గడవాలి. వేడిని వేగంగా లాగే బ్లాస్ట్ చిల్లర్ ఉంటే దానికి అయ్యే అదనపు అద్దె వృథా ఖర్చు కానే కాదు. ఈ రెండూ దొరకని చోట మీకు మిగిలే దారి ఒకటే. చల్లార్చే వంటలను మెనూ నుంచి తీసేసి, వండిన వెంటనే 60 డిగ్రీలకు తగ్గకుండా వేడి నిలిపే పెట్టెల్లో అదే రోజు అందించగలిగే వాటినే ఒప్పుకోండి. మెనూను మన రుచి నిర్ణయించాలని షెఫ్‌లమంతా కోరుకుంటాం. అద్దె వంటశాలలో దాన్ని చలి కూడా నిర్ణయిస్తుంది, దాన్ని అంగీకరించక తప్పదు.

ఇదంతా చేయడానికి మీ సొంత థర్మామీటర్ ఒకటి ఉండాలి. వంటశాలలో వేలాడుతున్నది ఎన్నిసార్లు కింద పడిందో మీకు తెలియదు. మెత్తగా కొట్టిన మంచు, నీళ్లు కలిపిన గ్లాసులో ముంచితే అది 0 డిగ్రీలు చూపాలి. మరిగే నీళ్లలో, సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న చోట, 100 చూపాలి. ఎత్తు పెరిగిన కొద్దీ ప్రతి 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. వారానికి ఒకసారి ఈ పరీక్ష చేసి తేదీతో రాసుకోండి.

ఇక ఫ్రిజ్‌లో జరిగిన సంగతి. సలాడ్ ట్రేను పారేసి మీరు సరైన పనే చేశారు. అందులో మీకు ఏ సందేహమూ వద్దు. సలాడ్ ఇక పొయ్యి ఎక్కదు. పచ్చి మాంసపు రసంలో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బాక్టీరియాలు ఉండవచ్చు, వాటిలో రెండోది కొన్ని వందల కణాలతోనే మనిషిని మంచం పట్టించగలదు. తుడిచే గుడ్డ ఆ రసాన్ని తీసేయదు, పరుస్తుంది. సాస్ డబ్బాల విషయంలో మాత్రం కొంచెం ఆగి చూసి ఉండవచ్చు. మరతో బిగుసుకునే గట్టి మూతలైతే, తెరవక ముందే పైభాగాన్ని సబ్బుతో కడిగి శానిటైజ్ చేసి వాడుకునే వీలుంది. నొక్కుడు మూతలో, అల్యూమినియం రేకో అయితే మీరు చేసినదే సరి. మేనేజర్ అన్న మాటకు నొచ్చుకోవద్దు గానీ, ఆ సంఘటనను తేదీ, సమయం, ఫొటోలతో ఆయనకు రాతపూర్వకంగా పంపండి. పచ్చి మాంసం, చేపలు అన్నిటికంటే కింది అరలో, అంచు ఉన్న ట్రేలో మాత్రమే ఉండాలని, వీలైతే వాటికి వేరే ఫ్రిజ్ కేటాయించాలని అదే లేఖలో అడగండి. రెండోసారి అలాగే జరిగితే, మరో వంటశాల వెతుక్కోవడానికి ఆ లేఖే మీకు తగిన కారణం.

ఫ్రిజ్ 5 డిగ్రీలు, అంతకు లోపు ఉందో లేదో ప్రతి స్లాట్ మొదట్లో మీరే చూడండి. ఆ చలిలో కూడా లిస్టీరియా అనే బాక్టీరియా నెమ్మదిగా పెరగగలదు. గర్భిణులకు అది ఎంతో ప్రమాదకరం. అందువల్ల చల్లగా ఉంది కదా అని ఎన్నాళ్లైనా ఉంచకూడదు. ప్రతి డబ్బా మీద మీ పేరు, వంటకం పేరు, వండిన తేదీ, సమయం, ఎప్పటిలోగా వాడాలో రాసి అతికించండి. పేరు లేని డబ్బా ఉమ్మడి ఫ్రిజ్‌లో ఎవరిదీ కాదు, ఎవరైనా తెరవవచ్చు.

లైసెన్స్ విషయంలో మేనేజర్ మాట మీద ఆధారపడవద్దు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో నెలకొల్పిన కోడెక్స్ అలిమెంటారియస్ కమిషన్, ఆహార పరిశుభ్రతకు సాధారణ సూత్రాలను 1969లో వెలువరించింది, 2020లో వాటిని సమగ్రంగా సవరించింది. ఆహార భద్రతకు ప్రధాన బాధ్యత ఆహార వ్యాపారం నడిపేవారిదేనన్న భావన ఆ సూత్రాలకు పునాది. అనేక దేశాల చట్టాలు వాటిని అనుసరించే నడుస్తాయి. భవనం, నీరు, మురుగు కాలువ, గాలి, పొగగొట్టం, పురుగుల నివారణ వంటివి వంటశాల యజమాని లైసెన్స్ పరిధిలోకి వస్తాయి. ఏ సరుకు కొన్నారు, ఎంత వేడి మీద వండారు, ఎలా చల్లార్చారు, ఎవరికి పంపారు అన్నది మీ వ్యాపారం. అందుచేత చాలా చోట్ల మీ పేరున విడిగా రిజిస్ట్రేషనో లైసెన్సో, ఆహారం నిర్వహించేవారి శిక్షణ ధ్రువపత్రమో తప్పనిసరి. మీ ప్రాంతపు ఆహార భద్రతా కార్యాలయానికి ఒక లేఖ రాసి, జవాబును కూడా రాతలోనే తీసుకోండి. ఆ లేఖలో ఇంటి ఫ్రిజ్ సంగతి దాచవద్దు. అమ్మే ఆహారాన్ని ఒక్క రాత్రి ఇంట్లో నిల్వ చేసినా మీ ఇల్లు కూడా ఆ వ్యాపార స్థలంలో భాగమేనని అధికారులు భావించవచ్చు, అప్పుడు వంటశాలకు ఉన్న లైసెన్స్ ఆ నిల్వకు వర్తించదు. బీమా సంస్థతో మాట్లాడేటప్పుడూ అద్దె వంటశాల పేరు, నిల్వ చేసే చోటు స్పష్టంగా చెప్పండి.

యజమానితో ఉన్న ఒప్పందాన్ని మరోసారి చదవండి. అద్దె, సమయం, డిపాజిట్ గురించి పేజీలకు పేజీలు ఉండి, స్లాట్ల మధ్య ఎవరు శుభ్రం చేయాలన్నది ఒక్క వాక్యంలో కూడా లేని ఒప్పందాలు నేను చాలా చూశాను. బల్లలు, పొయ్యిలు, స్లైసర్, గ్రైండర్ బ్లేడ్లు, మంచుగడ్డల యంత్రం ఎవరి బాధ్యతో విడివిడిగా రాయించుకోండి. రాయకపోతే అందరి బాధ్యతై, చివరకు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

ఒప్పందం ఎలా ఉన్నా, మీ ముందు స్లాట్‌లోని వారు శుభ్రం చేసి వెళ్లారన్న నమ్మకంతో పని మొదలుపెట్టకండి. బల్లను డిటర్జెంట్‌తో కడిగి, నీళ్లతో తుడిచి, ఆపైన శానిటైజర్ చల్లి, సీసా మీద రాసినంత సేపు తడిగా ఉంచి, గాలికి ఆరనివ్వండి. జిడ్డు మీద చల్లిన శానిటైజర్ పనిచేయదు. చల్లిన మరుక్షణం తుడిచేసినా పనిచేయదు. కటింగ్ బోర్డులు, కత్తులు, తుడుపు గుడ్డలు, వడపోత జల్లెడ మీ సొంతవి తెచ్చుకోవడం మేలు. పని మొదలుపెట్టే ముందు బల్ల, ఫ్రిజ్ ఫొటో ఒకటి, వెళ్లేటప్పుడు మరొకటి తీసి ఉంచండి. వీటితో పాటు ఒక మామూలు నోట్‌బుక్‌లో ఆ రోజు కొన్న సరుకు ఎక్కడిది, ఏ వంట ఎన్ని డిగ్రీలకు చేరింది, ఎప్పుడు 21కి, ఎప్పుడు 5కి దిగింది, ఏ ఆర్డర్ ఎవరికి వెళ్లింది అన్నది రాయండి. వ్యోమగాముల ఆహారం కోసం 1960లలో రూపొందిన ముప్పు విశ్లేషణ పద్ధతే నేడు ఎన్నో పెద్ద ఆహార ఫ్యాక్టరీలు పాటించే హాసప్. మీ నోట్‌బుక్‌లోని ఆ నాలుగు గీతల ఆలోచన కూడా అదే. ఎక్కడ తప్పితే ప్రమాదమో ముందే గుర్తించి, అక్కడ కొలిచి, రాసి ఉంచడం.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. వాంతులు, విరేచనాలు అయితే అవి పూర్తిగా తగ్గాక మరో 48 గంటలు వంటశాలలో అడుగుపెట్టకండి. ఉద్యోగికి సెలవు ఉంటుంది, మనకు ఆ రోజు రాబడి పోతుంది, కట్టిన స్లాట్ డబ్బూ పోతుంది. ఆ ఒత్తిడి ఎంతటిదో నాకు తెలుసు. కానీ ఇలాంటి జబ్బుకు తరచూ కారణమయ్యే నోరోవైరస్ అతి కొద్ది కణాలతోనే అంటుకుంటుంది, చేతులకు రాసుకునే ఆల్కహాల్ జెల్ దాన్ని సరిగా అడ్డుకోలేదు, సబ్బూ నీళ్లే గతి. పైగా అద్దె వంటశాలలో మీ తరువాత అదే కుళాయిని, అదే ఫ్రిజ్ పిడిని మరో నలుగురు పట్టుకుంటారు. అలాంటి రోజున మీ ఆర్డర్లు అందుకోగల మరో షెఫ్‌తో ఇప్పుడే ఒక అవగాహనకు రండి.

ఇక ఆ బాబు. మీ లేఖలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. ఇప్పుడు మీరున్న పరిస్థితిలో ఆ ఆర్డర్ ఒప్పుకోవద్దని నా సలహా. అలర్జీ కలిగించేది సూక్ష్మజీవి కాదు, వేరుశనగలోని ప్రోటీన్. బాక్టీరియాను చంపే శానిటైజర్ దాన్ని తొలగించదు, పొయ్యి మీది మంట కూడా దాన్ని నమ్మదగినట్టుగా నాశనం చేయదు. సబ్బుతో రుద్ది కడిగి తీసేయడం ఒక్కటే మార్గం. మీకు ముందు స్లాట్‌లో ఎవరు ఏం నూరారో, గ్రైండర్ మూత రబ్బరు సందులో ఏం ఇరుక్కుందో, వేపుడు నూనెలో ఉదయం ఏం వేయించారో మీకు తెలిసే అవకాశం లేదు. మీ వంటలో వేరుశనగ లేదని మీరు నూటికి నూరుపాళ్లు నిజాయితీగా చెప్పగలరు. ఆ వంటశాలలో లేదని చెప్పలేరు. తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లవాడికి ఊపిరి అందకుండా చేయడానికి అతి కొద్ది మోతాదు కూడా సరిపోవచ్చు.

ఎప్పటికీ కుదరదని నేను అనడం లేదు. వేరుశనగను ఎవరూ లోపలికి తీసుకురాకూడదని నియమం ఉన్న వంటశాల దొరికినా, లేదా లోతైన శుభ్రత తరువాత వారంలో మొదటి స్లాట్ మీకే కేటాయించి, మూతపడే పెట్టెలో మీ సొంత గిన్నెలు, గరిటెలు, మిక్సీ ఉంచుకునే వీలు కల్పించి, ఉమ్మడి నూనె, ఉమ్మడి గ్రైండర్ మీరు పూర్తిగా మానుకోగలిగినా ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ప్రతి సరుకు ప్యాకెట్ మీది లేబుల్‌ను కొన్న ప్రతిసారీ చదవాలి, ఎందుకంటే తయారీదారులు చెప్పకుండానే పదార్థాలు మారుస్తుంటారు. మీ ఇతర వినియోగదారుల కోసం కూడా ప్రతి వంటకంలో ఉన్న అలర్జీ కారకాల పట్టిక ఒకటి తయారు చేసుకోండి. యూరోపియన్ యూనియన్ చట్టం తప్పనిసరిగా తెలపాలన్న 14 పదార్థాల జాబితా మీరు ఎక్కడున్నా మొదలుపెట్టడానికి పనికివస్తుంది.

ఆ తల్లికి సాకులు చెప్పి తప్పించుకోవద్దు. స్లాట్ ఖాళీ లేదనో, ఆర్డర్లు ఎక్కువయ్యాయనో అంటే ఆమె మరో అద్దె వంటశాలలోని మరో షెఫ్‌ను అడుగుతారు, ఆయన ఒప్పుకోవచ్చు. ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి: "అమ్మా, నేను వండే చోట నాకు ముందు, నా తరువాత వేరేవాళ్లు వండుతారు. వాళ్లు వేరుశనగ వాడుతుండవచ్చు. నా చేతి వంటకు నేను హామీ ఇవ్వగలను గానీ ఆ గ్రైండర్‌కు, ఆ నూనెకు ఇవ్వలేను. మీరు ఇంకెవరినైనా అడిగితే, వంటలో ఏముందో అడిగే ముందు, ఆ వంటశాలను ఇంకెవరు వాడతారో అడగండి."